కిరీటం కట్టిన టెక్కెం

అమావాస్య నాటి మిట్టమధ్యాహ్నం, తామ్రకూటం కోట సింహద్వారం ముందు, ఓబన్న కొండకు వీపు తిప్పి నిలబడ్డాడు. కుడి భుజం మీద రెండు నిలువుల వెదురు గడ, దాని కొసన ఎర్రగుడ్డ, ఆ గుడ్డ కింద పట్టుదారంతో కట్టిన తొమ్మిది కొమ్ముల రత్నకిరీటం. కిరీటంలోని కెంపులను చూసి కోట గోడ మీది పావురాలు దానిమ్మ గింజలనుకున్నాయి. రెండుసార్లు పొడిచి, ముక్కులు నొప్పెట్టి వెళ్ళిపోయాయి.

అతను కొండకు వీపెందుకు తిప్పాడో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది. ముందు ఆ కొండ సంగతి వినండి.

అది నడిచే కొండ. ధూమకేశుడనే మాంత్రికుడు దాని కడుపులో కాపురం పెట్టాడు. ప్రతి అమావాస్యకూ పొద్దుగూకే వేళ దాన్ని లేపి ఒక క్రోసు దూరం నడిపిస్తాడు. అది ఎక్కడ ఆగితే అక్కడ చతికిలబడుతుంది. కింద ఊరుందా, చేనుందా అని చూసుకునే అలవాటు దానికి లేదు. పదకొండు అమావాస్యలకు పదకొండు ఊళ్ళ మీద కూర్చుంది. ఇప్పుడు కోటకు సరిగ్గా క్రోసు దూరంలో ఉంది. ఈ సాయంత్రం లేచిందంటే కూర్చునేది కోట మీదే. లోపల ఎనిమిది వేల గడపలు. రాణి మందారవల్లితో సహా అందరూ అటుకులైపోతారు.

అంత పెద్ద కోటలో వీరులు లేరా అంటారేమో. పదిహేడు మంది ఉన్నారు. ఏనుగును తొండం పట్టి తిప్పగలవాళ్ళు, పారే మెరుపును బాణంతో గురిచూసి కొట్టగలవాళ్ళు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళకు ఎవరూ పని చెప్పకూడదు.

రాణిగారి ముత్తాత తాళధ్వజ మహారాజు దేశదేశాల వీరులను పిలిచినప్పుడు వాళ్ళొక మాట పుచ్చుకున్నారు. వస్తాం, ఉంటాం, కానీ మమ్మల్ని ఎవరూ ఆజ్ఞాపించకూడదు అన్నారు. ఆయన సరేనన్నాడు. ఆనాటి నుంచి ఆ సింహాసనం మీద కూర్చున్నవారి నోట ఆజ్ఞ అన్న మాట రాలేదు. వంటవాణ్ణి కాస్త ఉప్పు వెయ్యమనాలన్నా "నీకిష్టమైతే" అనే అంటారు.

కాబట్టి అక్కడ రాజుల పని కట్టడాలు కట్టడమే. సాముశాల కడితే గద తిప్పేవాళ్ళు వచ్చి చేరతారు. కొలిమి కడితే కత్తివీరులు చేరతారు. పూటకూళ్ళ ఇల్లు కడితే అందరూ చేరతారు, ఇక అక్కణ్ణుంచి కదలరు.

మరి ఆపద వస్తే? ఆపద ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి, దాని ఒంట్లోనే ఎర్ర టెక్కెం పాతాలి. టెక్కెమంటే జెండాయే. దానికొక కానుక కట్టి, మూడుసార్లు శంఖం ఊదాలి. ఇష్టమైన వీరులు లేచి వచ్చి, టెక్కెం దేంట్లో పాతి ఉందో దాన్ని పిండి చేసి, కానుక పట్టుకుపోతారు. ఇష్టం లేకపోతే అటు తిరిగి పడుకుంటారు.

ఆ పాతే పని ఓబన్నది. తాతల నాటి పని. పులి పంజాలో, రాకాసి పాదంలో, కొండచిలువ తోకలో టెక్కెం గుచ్చి రావడమంటే మాటలా? అందుకని వాళ్ళ తాత ఒక విద్య కనిపెట్టాడు. ఆపద వైపు ఎప్పుడూ వెనక్కి నడుచుకుంటూ పోవాలి. దాని మొహం కనబడదు గనక భయం వెయ్యదు. పాతగానే పరుగెత్తడానికి మళ్ళీ తిరగక్కర్లేదు, మొహం ఇంటివైపే ఉంటుంది. ఓబన్న మడమలకు కళ్ళున్నాయని ఊళ్ళో చెప్పుకునేవారు. నేనైతే కళ్ళు చూడలేదు గానీ, ఆ మడమలతో అతను పాము చర్మాన్నీ తాడునూ విడదీసి చెప్పడం మాత్రం నిజం.

కిందటి నెల కొండకు టెక్కెం పాతి ఏనుగుదంతపు పల్లకి కట్టారు. ఇద్దరు వీరులు లేచారు. ఒకడు దారిలో కుందేలును చూసి దాని వెంట పోయాడు. రెండోవాడు ఆ మొదటివాడు ఎటు పోయాడో చూద్దామని పోయాడు. ఈసారి రాణి తన తలమీది కిరీటమే తీసి గడకు కట్టింది. కొండను పిండి చేసినవాళ్ళు ఒక పగలంతా ఈ కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చోవచ్చని చాటింపు వేయించింది.

కోట బయట వీరవాడలో, పూటకూళ్ళ ఇంటి అరుగు మీద, ఆ మాట విని మొట్టమొదటిసారి ముద్ద చేతిలో ఆగింది. ఆ ముద్ద గదావీరుడు బండెప్పది.

"ఏం చిలకాంబా, ఈ తలకు కిరీటం పట్టుద్దంటావా?" అన్నాడు.

విలుకత్తె చిలకాంబ జడ అల్లుకుంటూ అతని తలను ఎగాదిగా చూసింది. "పట్టుద్ది గానీ, పైన ఇంకో కిరీటానికి చోటు మిగులుద్ది బావా."

"నవ్వుకోండి, నవ్వుకోండి," అన్నాడు ఖడ్గవీరుడు రణసింగుడు మీసానికి నూనె పట్టిస్తూ. "రేపు సింహాసనం మీంచి మీ ఇద్దరి నవ్వులూ వింటాలే. ఒరే ఓబా, పోయి తొందరగా పాతరా. మాకు ఇష్టం పుట్టింది. చల్లారిపోయిందంటే మళ్ళీ పుట్టదు."

ఓబన్న నడక మొదలుపెట్టాడు. సింహద్వారం వైపు మొహం, కొండ వైపు మడమలు. ఎదురుగా తామ్రకూటం అడుగడుక్కూ చిన్నదవుతోంది. ఏడంతస్తుల రాగిరేకుల గోడలు ఎండలో కుంకుమ నీళ్ళు చల్లినట్టు మెరుస్తున్నాయి. బురుజుల మీద నెమళ్ళు, నెమళ్ళ తోకల నీడలో నిద్రపోతున్న ఫిరంగులు, నడిమేడ మీద గాలి వీస్తే తనంతట తానే మోగే వెయ్యిగంటల తోరణం. ద్వారానికి అటూ ఇటూ నోళ్ళు తెరుచుకున్న రెండు కంచు సింహాలు, ఒక్కొక్కదాని కోరల మధ్య పెళ్ళివారు పంక్తి వేసుకుని భోంచేయగలరు.

రెండువేల అడుగులు లెక్కపెట్టేసరికి పొగమంచు దిగింది. మిట్టమధ్యాహ్నం మంచేమిటి అనుకున్నాడు. అంతలో కాళ్ళ కింద నేల కుమ్మరిసారెలా మెల్లగా, మహా మెల్లగా తిరిగినట్టనిపించింది. పొద్దున గంజి మాత్రమే తాగాను, కళ్ళు తిరుగుతున్నాయి కాబోలు అనుకుని అడుగు ఆపలేదు. లెక్క నాలుగు వేలైంది. మడమలకు చల్లటి రాయి తగిలింది. రెండు రాళ్ళ మధ్య నెరియ కూడా దొరికింది. వెనక్కి చూడకుండా గడ ఇనపమొన ఆ నెరియలో దించి, బలంకొద్దీ తొక్కి, మొలనున్న శంఖం తీసి మూడుసార్లు ఊది, ముందుకు పరుగు లంకించుకున్నాడు.

పది అంగలు వేశాడో లేదో మంచు తెర తీసినట్టు విడిపోయింది. ఎదురుగా కోట ఉండాల్సిన చోట కొండ ఉంది.

ఓబన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పని మీద ఉండి వెనక్కి తిరిగి చూశాడు. తన టెక్కెం, కిరీటంతో సహా, రెండు కంచు సింహాల మధ్య, సింహద్వారం గడపలో నిటారుగా నిలబడి ఉంది. ద్వారపాలకులు అతను వెనక్కి నడుచుకుంటూ రావడం, పాతడం అంతా చూశారు. టెక్కెం పాతేవాడి పనికి అడ్డు చెప్పకూడదని వాళ్ళకూ ఒక ఆచారం ఉంది గనక ఊరుకున్నారు.

దూరాన కొండ నెత్తిమీది పొగ ఒక మనిషి మొహంగా మారి, పొట్ట పట్టుకోవడానికి పొట్ట లేకపోయినా, విరగబడి నవ్వింది. మంచు దించినవాడూ, నేల తిప్పినవాడూ ధూమకేశుడే.

ఇంతలో పూటకూళ్ళ ఇంటి తలుపు గొళ్ళెంతో సహా ఊడి వీధిలో పడింది. పదిహేడు మంది వీరులు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చేశారు. బండెప్ప గద మొదటి దెబ్బకు ఎడమ సింహం నోరు మూసుకుంది. రెండో దెబ్బకు ద్వారబంధం పైనుంచి బండెడు రాగిరేకు జారిపడింది.

"అన్నా, ఆగన్నా, పొరపాటైపోయింది. ఇది మన కోట," అని ఓబన్న అడ్డం పడ్డాడు.

"మన కోటేనని నాకు కనబడతలేదా ఏంది, నేనేమన్నా గుడ్డోణ్ణా?" అన్నాడు బండెప్ప గద మళ్ళీ ఎత్తుతూ. "టెక్కెం యాడుంటే ఆడ కొట్టేదే మా పని. తాళధ్వజుడి కత్తి ముట్టుకుని ఒట్టేసినాం. తప్పెవరిదో సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం."

"సాయంత్రానికి కొండొచ్చి కూర్చుంటుంది. మాట్లాడుకునేదానికి మనుషులుండరు."

"అడ్డం లేరా ఓబా, దుమ్ము పడుతుంది," అంది చిలకాంబ ఎంతో దయగా, బురుజు మీది ఫిరంగికి గురిపెడుతూ.

గోడ మీదికి రాణి మందారవల్లి పరుగెత్తుకొచ్చింది. ఇరవై మూడేళ్ళ మనిషి, కిరీటం లేని తల, గాలికి చెదిరిన జుట్టు. కింద సంగతి ఒక్క చూపుతో అర్థమైపోయింది.

"అన్నలారా, అక్కలారా, మీకిష్టమైతే కాసేపు ఆగుతారా?" అని అడిగింది.

"ఇష్టం లేదమ్మా," అన్నారు పదిహేడు మందీ ఒక్క గొంతుతో, చేతులు మాత్రం భక్తిగా జోడించి. జోడించిన చేతులు విప్పి మళ్ళీ కొట్టారు. మూడో దెబ్బకు తలుపు నిలువునా పగిలింది.

"ఓబన్నా, నీకిష్టమైతే దాన్ని పెరికి అవతల వట్టి నేలలో పాతు."

"పాతొచ్చు తల్లీ. మా తాత ఒకసారి తాగి వట్టి నేలలో పాతితే వీళ్ళు ఏడు రోజులు నేలను కొట్టారు. మన తూర్పు చెరువు అట్లా వచ్చిందే. ఇప్పుడు పాతితే ఇంకో చెరువొస్తుంది, కిరీటం దానికే చెల్లిపోతుంది. కొండ మాత్రం ఆగదు."

మిగిలిన దారేదో ఇద్దరికీ తెలుసు. టెక్కెం పెరికి, దాన్ని తీసుకెళ్ళి కొండలోనే పాతాలి. కానీ పాతిన టెక్కెం పెరికినవాడు, మళ్ళీ ఎక్కడో ఒకచోట పాతేదాకా, తానే గురి. వీరుల ఒట్టులో ఆ మాట కూడా ఉంది.

"పొమ్మనను," అంది రాణి చివరికి. ఆమె గొంతు గోడ మీంచి కిందికి వచ్చేసరికి సన్నబడిపోయింది.

"మీరు అననే అనరు కదమ్మా. అందుకే పోతున్నా," అని ఓబన్న పంచె ఎగగట్టి, రెండు చేతులా గడ పట్టుకుని పెరికేశాడు.

ఎత్తిన గదలు గాలిలోనే పక్కకు తిరిగాయి. పదిహేడు జతల కళ్ళు అతని మీద పడ్డాయి.

ఆ పరుగును వర్ణించమంటే నా వల్ల కాదు, ఎందుకంటే ఎవరికీ సరిగ్గా కనబడలేదు. ఎర్రగుడ్డ ఒకటి గాలిలో పోతుంటే దాని వెనక దుమ్ము, దుమ్ము వెనక వీరులు. చిలకాంబ మొదటి బాణం ఓబన్న తలపాగాను ఎగరగొట్టింది. రెండో బాణం కుడిమీసాన్ని సగానికి కత్తిరించింది.

"ఏమనుకోవద్దు ఓబన్నా, నీ మీద నాకేం కోపం లేదు," అని వెనక నుంచి అరిచింది.

"తెలుసక్కా. కొంచెం గాలి చూసుకుని కొట్టు," అన్నాడు ఓబన్న వంగి పరుగెడుతూ.

"ఒరే, కిరీటానికి సొట్ట పడకుండా పరుగెత్తరా," అని రణసింగుడు.

"రాత్రి మీ ఇంట్లో రాగిసంకటన్నావే, ఉన్నట్టా లేనట్టా?" అని బండెప్ప, గద విసురుతూ. గద ఓబన్న తల మీంచి పోయి ముందున్న రాతిగుండును బుగ్గి చేసింది. ఓబన్న ఆ బుగ్గిలోంచి దూసుకుపోయాడు.

దారికి అడ్డంగా ఉడుకు వాగు వచ్చింది. కొండ కడుపులోంచి పుట్టిన నీళ్ళు, కుతకుత ఉడుకుతూ, పైన పసుపుపచ్చ ఆవిరి, ఆవిరిలో రెక్కలున్న ఎర్రచేపలు గుంపులు గుంపులుగా ఎగురుతూ. వెడల్పు ముప్పై బారలు. దూకడం మనుషుల వల్ల కాదు. ఓబన్న పరుగు ఆపకుండా గడను వాగు నడుమ గుచ్చి, దాన్ని ఊతం చేసుకుని గాలిలోకి లేచాడు. గడ మొన వాగు అడుగున నాటుకున్న ఆ రెప్పపాటు టెక్కెం వాగుదైంది. పదిహేడు ఆయుధాలు వాగు మీద పడ్డాయి. నీళ్ళు బెదిరిపోయి రెండుగా చీలి ఒడ్డులెక్కి నిలబడ్డాయి. ఓబన్న అవతల దిగి గడ లాక్కున్నాడు. మళ్ళీ తానే గురి. కానీ వందడుగుల దూరం దక్కింది. ఎగిరే చేపలు రెండు ఉడికి బండెప్ప నోటికి అందడంతో ఇంకో పాతిక అడుగులు కలిసొచ్చాయి.

ఎదురుగా కొండ నోరు. మేడంత పళ్ళు, పళ్ళ సందుల్లో పగిలిన ఊళ్ళ తాలూకు దూలాలు, తలుపులు, ఒక ఉయ్యాల. లోపల నల్లటి పొగ చుట్టలు తిరుగుతోంది. దాన్ని ఎదురుగా చూసేసరికి ఓబన్న కాళ్ళు కదలనన్నాయి. వెంటనే గిరుక్కున వీపు తిప్పాడు. అంతే, కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెనక్కి అడుగులు వేసుకుంటూ రెండు పళ్ళ మధ్య నుంచి లోపలికి పోయి, మెత్తగా తడిగా మడమకు తగిలిన నాలుక మీద టెక్కెం గుచ్చాడు. కొండ గట్టిగా ఉలిక్కిపడింది. వెయ్యి గబ్బిలాలు లేచాయి.

వీరులు ఇంకా యాభై అడుగుల దూరంలో ఉన్నారు.

"శభాష్ ఓబన్నా," అని పక్కనుంచి తీయటి గొంతు వినబడింది. పొగలోంచి రాణి మందారవల్లి నడిచొచ్చింది. అదే మొహం, అదే జుట్టు. "ప్రమాదం తప్పింది. కోట క్షేమం. ఇక ఆ టెక్కెం పెరికి నా కిరీటం నా చేతికివ్వు. ఇది నా ఆజ్ఞ."

ఓబన్న ఒక్క క్షణం ఆమెను చూశాడు. వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం తల్లీ. పరుగెత్తి పరుగెత్తి చేతులు పడిపోయాయి. మీ కిరీటం మీ చేత్తోనే తీసుకుంటే నాకూ పుణ్యం వస్తుంది. గడ కింద పట్టుకుని పైకి లాగండి. ఆ, అట్లా. ఇంకొంచెం."

కొండ నాలుకలోంచి గడ ఊడి వచ్చింది. వచ్చినామె కిరీటాన్ని గుండెకు హత్తుకుని నవ్వింది. అప్పుడే పదిహేడు మందీ నోటి ముందుకు వచ్చి ఆగారు.

"అమ్మగారి చేతిలో ఉందేంది?" అన్నాడు బండెప్ప గద దించి.

"ఎవరి చేతిలో ఉంటే మనకేం?" అన్నాడు రణసింగుడు. "పెరికినోళ్ళే గురి. అమ్మా, తమరు క్షమించాలి," అని కత్తి దూశాడు.

ఆ కత్తి మెరుపు కంటబడేసరికి వచ్చినామె పట్టుచీర పొగైపోయింది, మొహం పొగైపోయింది, మిగిలింది బూడిదరంగు జడలు నేలకు జీరాడే ధూమకేశుడు. టెక్కెంతో సహా కొండ గొంతులోకి పరుగు తీశాడు. పదిహేడు మంది వీరులు కేకలు పెడుతూ అతని వెంట పడ్డారు. పోతూ పోతూ బండెప్ప ఓబన్న భుజం తట్టి "సంకటి మాట మర్చిపోకు" అన్నాడు. ఆఖరి వీరుడి కాలు లోపలికి పోయిందో లేదో, కొండ నోరు మూసుకోసాగింది. ఓబన్న పళ్ళ సందులోంచి బయటికి దూకాడు. ఎడమకాలి చెప్పు మాత్రం లోపలే ఉండిపోయింది.

ధడాలున నోరు మూతపడింది.

గుర్రపు డెక్కల చప్పుడు వినబడి తలెత్తాడు. చేతిలో ఈటెతో, తెల్లగుర్రం మీద రాణి మందారవల్లి వచ్చి దిగింది. ఓబన్న రెండడుగులు దూరం జరిగాడు.

"నా వీరులెక్కడ ఓబన్నా?"

"లోపల."

"కిరీటం?"

"అదీ లోపలే."

"నీ రెండో చెప్పు?"

ఓబన్న వేలితో కొండ నోరు చూపించాడు. రాణి కొండను పైనుంచి కిందిదాకా చూసింది. పొద్దు ఇంకా రెండు బారలుంది. అయినా నేల అదిరింది. కొండ మోకాళ్ళు పైకొచ్చాయి. ఒక్కొక్క మోకాలూ ఒక్కొక్క బురుజంత. కడుపులో పడ్డ పదిహేడు మంది చేసే అల్లరికి కొండకు కడుపునొప్పి పుట్టింది, పొద్దుగూకేదాకా ఆగలేక ముందే లేస్తోంది. రాళ్ళు జలజలా రాలాయి. లేచి నిలబడిన కొండ కోట వైపు మొహం తిప్పింది.

"వాళ్ళు లోపలున్నారు కదా, లోపల నుంచే పగలగొట్టరా?" అంది రాణి.

"కొట్టరమ్మా. వాళ్ళ గురి మాంత్రికుడు. కొండ కాదు. కొండ ఒంట్లో ఇంకో టెక్కెం పడి, శంఖం వినబడితేనే దాన్ని ముట్టుకుంటారు. శంఖం నా మొలనుంది. టెక్కెమే లేదు. కట్టేదానికి కానుకా లేదు."

రాణి తన ఎర్రచీర కొంగు పళ్ళతో పట్టి పర్రున చింపింది. ఈటె కొసకు ముడివేసింది. "కానుక సంగతి వాళ్ళు బయటికొచ్చాక వాళ్ళనే అడుగుదాం. ఏది కావాలంటే అది," అని కొండ వైపు చూసింది. "దాన్ని చూస్తే నా కాళ్ళు రావడం లేదు. నీకిష్టమైతే, ఎలా నడవాలో చూపిస్తావా?"

ఆ మాటతో ఓబన్న అనుమానం తీరిపోయింది. ఉన్న ఒక్క చెప్పూ విడిచి అవతల పారేశాడు.

"చెప్పులు తీసెయ్యండి తల్లీ. మడమలకు నేల తెలియాలి. వీపు అటు తిప్పండి. కోటను చూస్తా ఉండండి, ఇంకేమీ చూడొద్దు. ముందు ఎడమ కాలు."

వాళ్ళిద్దరి వెనక కొండ తన మొదటి అడుగు ఎత్తింది. దాని పాదం నీడ వాళ్ళ మీద పడి, అక్కడితో ఆగకుండా సాగి సాగి సింహద్వారం దాకా పోయింది. రాణి మందారవల్లి తన కోటనే చూస్తూ, ఎడమ కాలు వెనక్కి వేసింది.